టేబుల్స్ ఎక్కాయి, కానీ లిస్టులో కనబడటం లేదు (పోస్ట్‌గ్రెస్)

ప్రశ్న:
ఆఫీసు హాజరు డేటాబేస్‌ని పాత సర్వర్‌లో పీజీ డంప్‌తో (డేటాబేస్‌ని ఫైల్‌గా తీసే టూల్) తీసి, కొత్త మెషీన్‌లో పీఎస్‌క్యూఎల్ (కమాండ్లు కొట్టే ప్రోగ్రామ్) తెరిచి, ఫైల్‌ని నడిపే బ్యాక్‌స్లాష్ ఐ తో ఎక్కించాను. ఒక్క ఎర్రర్ లేదు. తీరా టేబుల్స్ లిస్టు కోసం బ్యాక్‌స్లాష్ డీటీ కొడితే రిలేషన్లేవీ (అంటే టేబుల్సే) దొరకలేదంటోంది! డేటాబేస్‌ని బొమ్మల్లా చూపించే డీబీవర్‌లో చూస్తే మాత్రం టేబుల్స్ అన్నీ పబ్లిక్ కింద ఉన్నాయి. యూజర్ ఒకడే. సోమవారం జీతాల లెక్క దీని మీదే నడవాలి, టెన్షన్‌గా ఉంది. మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలా?

జవాబు 1:
పర్మిషన్ లేదేమో బ్రో. అన్ని హక్కులూ ఇచ్చే గ్రాంట్ ఆల్ కొట్టి చూడు.

జవాబు 2:
ఏది కనబడకపోయినా గ్రాంట్ ఇచ్చేయమనడం మనకి అలవాటైపోయింది. చదివే హక్కు లేని టేబుల్ పేరు కూడా డీటీ చూపిస్తుందండీ. అది చూసేది సెర్చ్ పాత్‌లో ఉన్న స్కీమాలనే. స్కీమా అంటే టేబుల్స్ ఉండే ఫోల్డర్ లాంటిది (మీ పబ్లిక్ అలాంటిదే), సెర్చ్ పాత్ అంటే ఒట్టి పేరు రాస్తే ఏ స్కీమాల్లో ఏ వరసలో వెతకాలో చెప్పే జాబితా.

షో సెర్చ్ పాత్ కొట్టండి, ఖాళీగా వస్తుంది. మామూలుగా అక్కడ మీ యూజర్ పేరుతో ఉన్న స్కీమా, తర్వాత పబ్లిక్ ఉండాలి. కానీ అసలు ఫంక్షన్ పేరుతోనే పబ్లిక్‌లో ఎవరో ఇంకొకటి పెడితే, అడ్మిన్ తెలియకుండా దాన్ని నడిపేసే ప్రమాదం ఉండేది. 2018లో దానికి విరుగుడుగా పీజీ డంప్ తన ఫైల్ మొదట్లోనే సెర్చ్ పాత్‌ని ఖాళీ చేసి, ప్రతి పేరు ముందూ స్కీమా రాయడం మొదలుపెట్టింది. మీరు ఫైల్‌ని ఆ సెషన్ లోపలే నడిపారు కాబట్టి ఆ ఖాళీ అలాగే మిగిలిపోయింది. డీబీవర్‌ది వేరే కనెక్షన్, పైగా అది స్కీమాల వారీగా చూపిస్తుంది.

మళ్ళీ ఎక్కించక్కర్లేదు. బ్యాక్‌స్లాష్ సీ కొట్టి కొత్తగా కనెక్ట్ అవ్వండి, చాలు.

ప్రశ్న అడిగినవారు:
వచ్చేశాయండీ, థాంక్స్! ఇంకొక్కటి. ఆర్కైవ్ అనే స్కీమా కూడా ఉంది. సెర్చ్ పాత్‌లో పబ్లిక్ తర్వాత దాన్నీ చేర్చాను. అందులోవన్నీ వచ్చాయి, లీవ్స్ టేబుల్ తప్ప.

జవాబు 2:
పబ్లిక్‌లో కూడా లీవ్స్ ఉండి ఉంటుంది. రెండు చోట్లా ఒకే పేరుంటే వరసలో ముందున్న స్కీమాలోదే కనబడుతుంది, రెండోది మరుగున పడుతుంది. డీటీ పక్కన ఆర్కైవ్ డాట్ స్టార్ అని కొడితే వస్తుంది.

పాతవి తీసేసే ఆలోచన ఉంటే మాత్రం ఆర్కైవ్ డాట్ లీవ్స్ అని పూర్తి పేరు రాయండి. ఒట్టి లీవ్స్ అని డిలీట్ కొడితే పబ్లిక్‌లోవే పోతాయి, అదీ జీతాల ముందు.