ఫార్మ్‌క్యాట్ రిపోర్టులో సీవైపీ2సీ19 ఖాళీగా వస్తోంది, ఎవరికైనా తెలుసా?

బెజవాడ_డెవ్: నాన్నకి పోయిన నెల సూర్యారావుపేటలో స్టెంట్ వేశారు. రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడుతున్నారు. ఆ మందు అందరికీ ఒకేలా పనిచేయదని తెలిసి జీన్ టెస్ట్ చేయించాం. ల్యాబ్ వాళ్లు లావుపాటి పీడీఎఫ్, ఒక వీసీఎఫ్ ఫైల్ (జన్యు తేడాల పట్టిక) ఇచ్చారు. పీడీఎఫ్‌లో ఈ మందు ఊసే లేదు. సరేలే అని, జన్యు ఫైల్ చూసి ఏ మందు ఎలా పనిచేస్తుందో చెప్పే ఫార్మ్‌క్యాట్ ప్రోగ్రామ్ నేనే పెట్టుకుని రన్ చేశాను. ఎర్రర్ ఏమీ లేదు, రిపోర్ట్ కూడా వస్తోంది, కానీ ఈ మందుని చురుకైన రూపంలోకి మార్చే సీవైపీ2సీ19 జీన్ మాత్రం తేలలేదంటోంది. రాత్రంతా దీంతోనే కూర్చున్నా. జావా మార్చాను, డాకర్ ఇమేజ్ మళ్లీ దించాను, అదే వరస. ఫైల్ మామూలు వీసీఎఫే. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు తొందరగా చెప్పండి.

వన్‌టౌన్: ఏ బిల్డ్?

బెజవాడ_డెవ్: లేటెస్టే అండి, నిన్ననే దించాను.

వన్‌టౌన్: సాఫ్ట్‌వేర్ కాదు. ఫైల్ ఏ జీనోమ్ బిల్డ్‌లో ఉంది? అంటే డీఎన్‌ఏ అక్షరాల స్థానాలు లెక్కపెట్టిన రిఫరెన్స్ జీనోమ్ ఏ వెర్షన్, 37నా 38నా? హెడర్‌లో పదో క్రోమోజోమ్ పొడవు చెప్పే కాంటిగ్ లైన్ ఇక్కడ పెట్టండి.

డేటా_హక్కు: ఆ ఒక్క లైన్ తప్ప ఇంకేమీ పెట్టకండి. దయచేసి ఆ ఫైల్‌ని ఊరూపేరూ లేని వెబ్‌సైట్లకి ఎక్కించకండి. నాన్నగారి జీనోమ్‌లో సగం మీలో ఉంది, మీ అక్కచెల్లెళ్లలో ఉంది. ఆయన ఒక్కరి సంతకంతో ఇంటిల్లిపాది సమాచారం బయటికి పోతుంది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లని చూస్తే బాధగా ఉంటుంది. ఒకసారి బయటపడ్డ జన్యు సమాచారాన్ని ఏ చట్టమూ వెనక్కి తేలేదు. ల్యాబ్ కన్సెంట్ ఫారంలో 'పరిశోధనకు వాడుకోవచ్చు' అన్న చోట టిక్ పెట్టారేమో చూసుకోండి.

బెజవాడ_డెవ్: నా ల్యాప్‌టాప్‌లోనే రన్ చేస్తున్నానండి, ఎక్కడా అప్‌లోడ్ చేయలేదు. లైన్ ఇదీ: ఐడీ 10, లెంగ్త్ 135534747.

వన్‌టౌన్: ఆ పొడవంటే బిల్డ్ 37. ఫార్మ్‌క్యాట్‌కి 38 కావాలి. 38లో ఆ పొడవు 133797422. ఫైల్‌ని ఫార్మ్‌క్యాట్‌కి తగ్గట్టు సర్దే ప్రీప్రాసెసర్ నడిపారా?

బెజవాడ_డెవ్: లేదు. అది వేరే పెద్ద ఫైళ్లకేమో అనుకున్నా.

కొత్తపేట_ఫార్మ్‌డి: అన్నా, అసలు సంగతి అదే. క్లోపిడోగ్రెల్‌కి ముఖ్యంగా చూడాల్సింది ఈ జీన్‌ని పనిచేయనివ్వని స్టార్ 2 మార్పు, దాని ఐడీ ఆర్‌ఎస్4244285. అది 37లో 96541616 దగ్గర ఉంటుంది, 38లో 94781859 దగ్గర. దాదాపు 17.6 లక్షల అక్షరాల తేడా. ఫార్మ్‌క్యాట్ 38 లెక్కన వెతికింది, అక్కడ మీ ఫైల్‌లో ఏమీ లేదు, ఊరుకుంది. అందుకే ఎర్రర్ రాలేదు. నంబర్లు చేత్తో మార్చకండి. కొన్నిచోట్ల రిఫరెన్స్ అక్షరం కూడా మారుతుంది. పికార్డ్ అనే టూల్‌లో బిల్డ్ మార్చే లిఫ్ట్‌ఓవర్ వీసీఎఫ్ ఉంది, దాంతో 38కి మార్చి, ఆ తర్వాత ప్రీప్రాసెసర్ నడిపి, అప్పుడు ఫార్మ్‌క్యాట్‌కి ఇవ్వండి.

జువాలజీ_మాస్టారు: బాబూ, సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నా. రిఫరెన్స్ అంటే ఆరోగ్యవంతుడి జీనోమ్ అని మా విద్యార్థులు కూడా అనుకునేవారు. కాదు. ఆ రిఫరెన్స్‌లో దాదాపు 70 శాతం అమెరికాలోని బఫెలోలో రక్తమిచ్చిన ఒకే ఒక్క దాతది. మనవాళ్లలో స్టార్ 2 యూరప్ వాళ్లలో కంటే ఎక్కువ. అందుకే జీనోమ్ఇండియా ప్రాజెక్టు వాళ్లు 10,000 మంది జీనోమ్‌లు చదివి ఫరీదాబాద్‌లో భద్రపరచడం నాకు ఎంతో ఆనందం. మన గుంటూరు మనిషికి మందు డోసు నిర్ణయించాలంటే మన లెక్కలే కావాలి.

వన్‌టౌన్: మంచిదే మాస్టారూ. కానీ ఈ ఫైల్‌కి కావాల్సింది లిఫ్ట్‌ఓవర్.

జువాలజీ_మాస్టారు: పునాది తెలియకుండా లిఫ్ట్‌ఓవర్ చేస్తే రేపు ఇంకోచోట ఇరుక్కుంటాడు.

బెజవాడ_డెవ్: చేశాను. స్టార్ 2 దగ్గర 0/1 వచ్చింది, అంటే రెండు కాపీల్లో ఒకదాంట్లో మార్పు ఉంది! కానీ ఇదే జీన్‌లో ఇంకో మార్పు స్టార్ 17, ఆర్‌ఎస్12248560, మిస్సింగ్ అంటోంది. లేదంటే నార్మలే కదా?

వన్‌టౌన్: కాదు. ఎగ్జోమా (ప్రోటీన్ కోడ్ ఉండే ఎగ్జాన్ ముక్కలే చదివే టెస్ట్), హోల్ జీనోమా?

బెజవాడ_డెవ్: పీడీఎఫ్ మీద ఎగ్జోమ్ అని ఉంది.

కొత్తపేట_ఫార్మ్‌డి: మరి రాదు. స్టార్ 17 ఉండేది ప్రమోటర్‌లో, జీన్ మొదలవక ముందే. ఎగ్జోమ్ అక్కడిదాకా చదవదు. స్టార్ 2 అయిదో ఎగ్జాన్‌లోనే ఉంది కాబట్టి దొరికింది. పైగా వీసీఎఫ్‌లో సాధారణంగా తేడా ఉన్న చోట్లే రాస్తారు. లైన్ లేదంటే అక్కడ మార్పు లేకపోవచ్చు, అసలు చదవకపోయీ ఉండొచ్చు. మిస్సింగ్‌ని రిఫరెన్స్‌గా నింపే ఆప్షన్ ఉంటుంది, నాన్నగారి విషయంలో అది వాడొద్దు.

ఒక మాట: ఒక కాపీ స్టార్ 2, రెండోది మామూలుదైనా, స్టార్ 17 అయినా, జీన్‌ని బట్టి మందుల సలహా ఇచ్చే నిపుణుల బృందం సీపీఐసీ లెక్కలో ఇంటర్మీడియట్ మెటబొలైజరే, అంటే మందుని మామూలుకంటే తక్కువగా మార్చేవాళ్లు. కాబట్టి స్టార్ 17 కోసం ఆగక్కర్లేదు. స్టెంట్ వేసినవాళ్లలో ఇంటర్మీడియట్ అయితే మామూలు డోసు క్లోపిడోగ్రెల్ బదులు, అడ్డేమీ లేకపోతే, ప్రాసుగ్రెల్ గానీ టికాగ్రెలార్ గానీ వాడమని వాళ్ల 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. గతంలో పక్షవాతం వచ్చి ఉంటే ప్రాసుగ్రెల్ పనికిరాదు. అది తేల్చాల్సింది కార్డియాలజిస్టే. ఈలోగా మాత్ర ఒక్కపూట కూడా ఆపకండి. స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణానికే ముప్పు.

గవర్నర్‌పేట_ఎంఎల్‌టి: అంటే క్లోపిడోగ్రెల్ రెసిస్టెన్స్ ఉన్నట్టేగా?

కొత్తపేట_ఫార్మ్‌డి: ఆ మాట వాడకండి. ఇది జీన్ ఫలితం మాత్రమే. లివర్ మందుని చురుకైన రూపంలోకి తక్కువగా మారుస్తుందని చెబుతుంది. ప్లేట్‌లెట్లు నిజంగా ఎంత అణిగాయో వేరే టెస్ట్.

గవర్నర్‌పేట_ఎంఎల్‌టి: మా ల్యాబ్‌లో రెండింటినీ అదే అంటాం.

కొత్తపేట_ఫార్మ్‌డి: అందుకే పేషెంట్లు భయపడి మాత్రలు మానేస్తున్నారు.

బెజవాడ_డెవ్: సాయంత్రం డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ దొరికింది. ల్యాబ్‌లో ఫలితం రాయించి తెమ్మన్నారు, వెళ్తున్నా. థాంక్స్ అందరికీ.

డేటా_హక్కు: కన్సెంట్ ఫారం కాపీ కూడా అడిగి తెచ్చుకోండి.

తెనాలి_జావా: మా అమ్మ రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతోంది. ఎగ్జోమ్ ఫైల్ ఉంది, అది కూడా 37లోనే. ఇదే పద్ధతిలో ఆ మందుకి చూసే వీకేఓఆర్‌సీ1 జీన్ తేలుతుందా? ఎవరైనా చెప్పగలరా?