పరిమళం కలిపిన పైపు పొగాకుకూ కలపనిదానికీ అసలు తేడా ఏమిటి?

ప్రశ్న: వడ్డేపల్లి నివాసి, హనుమకొండ

కాజీపేట లోకో షెడ్డులో పనిచేసిన మా పెద్దబాపు వాడిన బ్రయర్ పైపు ఆయన కాలం చేసిన తరువాత నా దగ్గరికి వచ్చింది. నేను సిగరెట్టు ముట్టను. నెలకు రెండు మూడు సాయంత్రాలు మేడ మీద కూర్చుని ఈ పైపు మాత్రం వెలిగిస్తాను. లండన్‌లో ఉండే మా బావ ఉగాదికి వచ్చినప్పుడు రెండు డబ్బాలు తెచ్చి ఇచ్చారు. ఒకటి వెనిల్లా కలిపిన నల్లటి కావెండిష్ మిశ్రమం. రెండవది వర్జీనియా ఆకును అచ్చులో ఒత్తి పలకలుగా కోసి పెట్టినది. దాని మీద ఏ పరిమళం పేరూ రాసి లేదు.

ఒక్కొక్కదాన్ని నాలుగైదు సార్లు కాల్చి చూసిన తరువాత కొన్ని సందేహాలు మిగిలాయి. వెనిల్లా డబ్బా మూత తీస్తే బేకరీ ముందు నిలబడినట్టు ఉంటుంది. కిటికీలోంచి లోపలికి వచ్చిన పొగ వాసన బాగుందని మా ఇంట్లో వాళ్లు కూడా అన్నారు. అయితే నా నోటికి మాత్రం ఆ వెనిల్లా దాదాపు అందలేదు. పైపు గిన్నెలో సగం కాలేసరికి నాలుక మండింది, అడుగున నీరు చేరి గురగురమంది. వర్జీనియా పలకలో మొదట ఏ రుచీ తెలియలేదు కానీ, నెమ్మదిగా కాల్చినప్పుడు మధ్యలో పెనం మీద ఎర్రగా కాలిన రొట్టె అంచులాంటి తీపి వచ్చింది. ఆ రోజు మాత్రం ఇంట్లో వాళ్లు లేచి కిటికీ మూసేశారు.

డబ్బాలో అంత ఉన్న వాసన నోటికి ఎందుకు రాదు? ఏమీ కలపని ఆకుకు తీపి ఎక్కడిది? రెండింటినీ ఒకే పైపులో కాల్చవచ్చునా? పరిమళం కలిపినది కాస్త తేలికదనీ, హాని తక్కువనీ ఒక మిత్రుడు అన్నారు. అది ఎంతవరకు నిజం? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు: కోరుట్ల పెద్దమనిషి

నేను పుట్టింది బీడీలు చుట్టే ఊళ్లో. ఉద్యోగరీత్యా ఇరవై ఏళ్లకు పైగా ప్రకాశం జిల్లాలో ఆకు కొనుగోలు పని చేశాను. పైపు కాల్చడం అక్కడ ఉన్నప్పుడే అలవాటైంది. కాబట్టి మీ రెండవ సందేహంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

వర్జీనియా ఆకును పచ్చిగా కోసి, కర్రలకు కట్టి, బ్యారన్ అనే ఆరబెట్టే గదిలో వేలాడదీసి, గొట్టాల ద్వారా వేడి పంపి అయిదారు రోజుల పాటు క్యూరింగ్ చేస్తారు. మొదటి రోజుల్లో తక్కువ వేడి మీద ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది; ఆ సమయంలోనే ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ఆ తరువాత వేడి పెంచి ఆకును ఆరబెట్టేస్తారు కనుక ఆ చక్కెర అలాగే నిలిచిపోతుంది. ఎండిన ఆకు బరువులో పది నుంచి ఇరవై శాతం దాకా చక్కెర ఉండటం మామూలే. మీకు మధ్యలో తగిలిన రొట్టె అంచు తీపి అదే, ఎవరూ పోసినది కాదు. బర్లీ రకం ఇందుకు పూర్తిగా భిన్నం. దానిని వేడి పెట్టకుండా నీడన, గాలికి, వారాల తరబడి ఆరనిస్తారు. ఆకు నెమ్మదిగా చనిపోతూ తన చక్కెరను తానే ఖర్చు చేసుకుంటుంది, చివరికి తీపి దాదాపు మిగలదు. అయితే ఆ ఆకు స్పంజిలా ఉంటుంది. ఏ ద్రవం చల్లినా పీల్చుకుంటుంది. పరిమళ మిశ్రమాలకు బర్లీని అంతగా వాడటానికి కారణం ఇదే.

కలపడం కూడా రెండు దశల్లో జరుగుతుంది. మొదటిదాన్ని కేసింగ్ అంటారు. చక్కెర పాకం, అతిమధురం, కోకో వంటివి ఆకులోకి ఇంకేలా పట్టించి, కరుకుదనం తగ్గిస్తారు. ఇది ఏ పరిమళం పేరూ లేని డబ్బాల్లో కూడా కొంత ఉండవచ్చు కనుక, పేరు లేనంత మాత్రాన ఏమీ కలపలేదని అనుకోకూడదు. రెండవది టాపింగ్. వెనిల్లా, రమ్ము, చెర్రీ వంటి పరిమళాలను ఆఖరున, కోసిన ఆకు మీద చల్లుతారు. మీరు మూత తీయగానే ముక్కుకు తగిలింది ఈ రెండవది. కావెండిష్ అన్నది మొక్క పేరు కాదు, ఆకును ఆవిరి పట్టి, ఒత్తి, నల్లగా, మెత్తగా చేసే పద్ధతి పేరు. ఆ పద్ధతిలో ఆకు సొంత రుచి చాలావరకు మెత్తబడిపోతుంది. మన ఇళ్లల్లో పూర్వం పళ్లకు రాసుకున్న గుడాకు, హుక్కాలో వేసిన ఖమీరా కూడా ఇటువంటి ఆలోచనతో పుట్టినవే: పొగాకు ఘాటును బెల్లంతో, మసాలాతో లొంగదీయడం.

ఇక మీ మొదటి సందేహం. టాపింగ్‌లోని పరిమళాలు తేలికగా ఆవిరయ్యేవి, అందువల్లనే డబ్బా తీయగానే అంత గుప్పుమంటాయి. నిప్పు దగ్గరి వేడికి వాటిలో చాలా భాగం కాలిపోతుంది, కొంత గదిలోకి పోతుంది. పక్కన కూర్చున్నవారు ఆ గాలిని ముక్కుతో పీలుస్తారు. మీరేమో పొగను నోట్లో పెట్టుకుంటారు. నాలుకకు తీపి, పులుపు, చేదు వంటివి తప్ప వెనిల్లా అన్న రుచి తెలియదు, అది ముక్కు చేసే పని. నా మటుకు నేను ఈ విషయంలో గట్టి అభిప్రాయం ఉన్నవాడిని. పరిమళ మిశ్రమం చుట్టూ ఉన్నవారి కోసం చేసినది, కలపనిది కాల్చేవాడి కోసం చేసినది. అల్లం, యాలకులు దట్టించిన చాయ్‌లో ఆకు మంచిదో కాదో ఎవరు చెప్పగలరు? నేను ఆకు నాణ్యత చూసి ధర కట్టే పని చేసినవాడిని కాబట్టి, ఆకును కప్పిపెట్టే దేన్నయినా కాస్త అనుమానంగా చూస్తాను.

నాలుక మంటకు, గురగురకు కారణం తడి. పరిమళ మిశ్రమాలు ఎండిపోకుండా ఉండటానికి ప్రొపిలీన్ గ్లైకాల్ వంటి తేమ పట్టి ఉంచే పదార్థం కలుపుతారు. తడి ఆకు సరిగా అంటుకోక మీరు ఇంకా గట్టిగా పీలుస్తారు, అప్పుడు వచ్చేది పొగ కంటే ఎక్కువగా వేడి ఆవిరి. ఆ మిశ్రమాన్ని కాల్చే ముందు ఒక కాగితం మీద పలుచగా పరచి అరగంటో గంటో ఆరనివ్వండి. మన మే నెల ఎండల్లో వర్జీనియా పలకను మాత్రం అలా వదలకండి. పదిహేను నిమిషాల్లో పెళుసెక్కి పొడి అవుతుంది.

జవాబు: మట్టెవాడ, వరంగల్

పైపు విషయం మాత్రం చెబుతాను. బ్రయర్ అంటే మధ్యధరా ప్రాంతంలో పెరిగే ఒక పొద వేరు దగ్గరి గడ్డ. అది తేమనూ వాసననూ తనలోకి తీసుకుంటుంది. నేను ఒకసారి పొగ పట్టించిన లటాకియా ఆకు ఉన్న మిశ్రమాన్ని కాల్చిన పైపులో, తరువాత రెండు నెలల పాటు ఏది వేసినా ఆ తారు వాసనే వచ్చింది. లటాకియాకు పేరు సిరియా రేవు పట్టణం నుంచి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా సైప్రస్‌లో తయారవుతుంది. పరిమళం కలపకపోయినా, కట్టెల పొగ పట్టించడం వల్ల దాని వాసన ఏ వెనిల్లా కంటే తక్కువ కాదు. అందుచేత పెద్దబాపు గారి పైపును కలపని వర్జీనియాకే ఉంచండి. వెనిల్లా కోసం మొక్కజొన్న కంకి బెండుతో చేసిన పైపు ఒకటి తెప్పించుకోండి. అమెరికాలోని మిస్సోరిలో 1869 నుంచి వాటిని చేస్తున్నారు, ధర తక్కువ, తడిని బాగా పీల్చుకుంటాయి, పాడైతే బాధ ఉండదు.

జవాబు: దంత వైద్యురాలు, హనుమకొండ

పెద్దలు కోరుట్ల గారు రుచి గురించి రాసినదంతా శ్రద్ధగా చదివాను. హాని తక్కువన్న మాట గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. అది నిజం కాదు. వెనిల్లా తినడానికి పనికివస్తుంది కదా అని కాల్చి నోట్లో పెట్టుకోవడానికీ పనికివస్తుందని అనుకోవడం పొరపాటు. కలిపిన చక్కెర కాలినప్పుడు అసిటాల్డిహైడ్ వంటి హానికరమైన పదార్థాలు పుడతాయి. వర్జీనియా ఆకులో సహజంగా ఉన్న చక్కెర కాలినా అంతే. అందువల్ల ఇటు గానీ అటు గానీ మొగ్గు చూపడానికి నాకు కారణం కనబడదు.

పైపు కాల్చేవారు పొగను ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని చాలామంది అంటారు. నోట్లోనే నిలిపిన పొగ పెదవినీ, నాలుకనూ, అంగిలినీ తాకుతూనే ఉంటుంది, లాలాజలంతో కలిసి గొంతులోకి దిగుతూనే ఉంటుంది. పైపుకూ పెదవి క్యాన్సరుకూ ఉన్న సంబంధాన్ని అమెరికా సర్జన్ జనరల్ 1964 నివేదికలోనే చెప్పారు. శ్రీకాకుళం ప్రాంతంలో నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల ఆడవాళ్లకు అంగిలి క్యాన్సరు వచ్చిన సంగతి వైద్య విద్యార్థులందరూ చదువుకునేదే. పైపు అంత తీవ్రం కాకపోయినా, వేడి పొగకు అంగిలి తెల్లబడి, అందులో ఎర్రటి చుక్కలు తేలడం నేను నా దగ్గరికి వచ్చినవారిలో చూశాను. మీరు నాలుక మండిందని రాశారు. ఆ మంటను కేవలం ఆకు తడి లెక్కగా చూడవద్దని మనవి చేస్తున్నాను.

పరిమళం విషయంలో నా భయం మరొకటి ఉంది. మొదటిసారి ముట్టేవారికి ఘాటును దాచి, తీపిని ముందు పెట్టేది అదే. మన తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కా పార్లర్లను నిషేధిస్తూ బిల్లు ఆమోదించడం వెనుక ఉన్నది ఇలా మొదలుపెట్టే పిల్లల గురించిన బెంగే. మీ ఇంట్లో పెరిగే పిల్లలు ఉంటే, బాగుందని అందరూ అన్న ఆ వాసన గల డబ్బానే ముందుగా తాళం వేసి పెట్టవలసినది. మానుకోవాలని అనిపించిన రోజున 1800-11-2356 అన్న జాతీయ ఉచిత నంబరుకు ఫోన్ చేస్తే మాట్లాడతారు.

ప్రశ్న అడిగినవారు: వడ్డేపల్లి నివాసి

అందరికీ కృతజ్ఞతలు. వెనిల్లా మిశ్రమాన్ని గంట సేపు ఆరబెట్టి కాల్చి చూశాను. గురగుర పోయింది, మంట బాగా తగ్గింది. అయితే వెనిల్లా ముందటి కంటే ఇంకా పలుచబడి, అడుగున ఉన్న ఆకుకు సొంత రుచి పెద్దగా లేదన్న సంగతి బయటపడింది. కోరుట్ల గారు అన్నది ఇప్పుడు అర్థమైంది. డాక్టరమ్మ గారు రాసినది మా ఇంట్లో చదివి వినిపించాను. ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి ఉన్నాడు. వెనిల్లా డబ్బాను పారవేశాను. అంగిలి పరీక్ష చేయించుకోవడానికి ఈ శనివారం వెళ్తున్నాను. మిగిలిన వర్జీనియా పలకలు వానాకాలంలో పాడుకాకుండా ఎలా ఉంచాలో చెప్పగలరా?

జవాబు: కోరుట్ల పెద్దమనిషి

పరీక్షకు వెళ్లడం మంచి పని, ముందు అది కానివ్వండి. వాళ్లు వద్దంటే ఈ కింది మాటల అవసరం లేదు.

పలకలను విడదీయకుండా, పచ్చడికి వాడే చిన్న గాజు సీసాలో పెట్టి, రబ్బరు చుట్టు ఉన్న మూత బిగించండి. సీసాను ముందుగా వేడినీటితో కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి, పచ్చడి వాసన మిగలకూడదు. నీళ్లు చల్లడం, ఆలుగడ్డ ముక్క వేయడం వంటివి చేయవద్దు, శ్రావణంలో బూజు పట్టేది అలాగే. తెల్లటి చుక్కలు గట్టిగా, మెరుస్తూ ఉంటే అవి ఆకు చక్కెర పేరుకున్నవి కావచ్చు, నూగులా మెత్తగా ఉండి ముక్కిపోయిన వాసన వస్తే బూజు. బూజు కనబడితే మంచి పలకలను ఏరుకోకుండా సీసా మొత్తం పారబోయండి.