స్పానిష్ ‘ప్రిన్సీపియో’ ఇంగ్లీషులో ఎలా రాయాలి?

ప్రశ్న: స్పానిష్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తుంటాను. మాడ్రిడ్ క్లయింట్ మెయిల్‌లో ‘ఎన్ ప్రిన్సీపియో’ మీటింగ్ మంగళవారం అని ఉంది. ‘ఇన్ ప్రిన్సిపుల్’ అని రాస్తే చాలా? ‘అల్ ప్రిన్సీపియో’ కూడా ఇదేనా? సాయంత్రానికి పంపాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: రెండూ వేరండి. ‘అల్ ప్రిన్సీపియో’ అంటే మొదట్లో. ‘ఎట్ ఫస్ట్’ సరిపోతుంది. మీ మెయిల్‌లోది మాత్రం జాగ్రత్తగా చూడాలి. సిద్ధాంతాల గురించి మాట్లాడేటప్పుడు ‘ఇన్ ప్రిన్సిపుల్’ బాగుంటుంది. ఇక్కడ ఆయన చెప్పేది, ప్రస్తుతానికి మంగళవారం అనుకున్నాం, మారొచ్చు అని. స్పెయిన్‌లో రోజూ ఇలాగే అంటారు. నేనైతే ‘టెంటెటివ్‌లీ’ అని రాస్తాను. ఆ అనుమానం వదిలేస్తే చదివినవాళ్లు టికెట్లు కొనేస్తారు!

ఇంకో జవాబు: ‘ఆ ప్రిన్సీపియోస్ దె మాయో’ వస్తే ‘ఇన్ ఎర్లీ మే’ అనండి. అక్కడ బహువచనం స్పానిష్ అలవాటు, ఇంగ్లీషులోకి లాగక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. మరి ‘దె బ్వేనాస్ ఆ ప్రిమేరాస్’?

మొదటి జవాబిచ్చినవారు: దానికి మొదలుతో పని లేదు. ఉన్నట్టుండి అని అర్థం. ‘ఆల్ ఆఫ్ ఎ సడెన్’ రాసేయండి.