సమరయులు “తెలియనిదానిని” ఆరాధించారని ప్రభువు ఎందుకు అన్నారు? క్రమ ప్రత్యక్షత గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: లేఖన విద్యార్థిని

అందరికీ వందనాలు. మా సంఘంలో యోహాను సువార్త 4వ అధ్యాయాన్ని ధ్యానిస్తున్నాము. యాకోబు బావి దగ్గర సమరయ స్త్రీతో యేసు “మీరు మీకు తెలియనిదానిని ఆరాధించువారు” (22వ వచనం) అన్న మాట దగ్గర మా చర్చ ఆగిపోయింది. సమరయులు విగ్రహారాధకులు కాబట్టే ప్రభువు అలా అన్నారని కొందరు పెద్దలు 2 రాజులు 17వ అధ్యాయాన్ని చూపించారు. అయితే ఆ స్త్రీ యాకోబును మా తండ్రి అంటున్నది, మెస్సీయ వస్తాడని నమ్ముతున్నది. అబ్రాహాము దేవునికే మ్రొక్కుతున్న జనానికి తెలియనిదేమిటి? దేవుడు తన్ను తాను ఒక్కసారిగా కాక కాలక్రమంలో బయలుపరచుకున్నాడన్న బోధ (క్రమ ప్రత్యక్షత) ఈ వచనానికి ఎలా వర్తిస్తుంది? అలాగైతే, కొద్దిపాటి వెలుగులో చేసిన ఆరాధనను దేవుడు అంగీకరించడా? దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం: పాత నిబంధన బోధకుడు

సహోదరి గారికి వందనాలు. 2 రాజులు 17వ అధ్యాయం ముఖ్యమైనదే గాని, దాన్ని యేసు కాలపు సమరయులకు నేరుగా అంటగట్టడం న్యాయం కాదు. క్రీ.పూ. 722 ప్రాంతంలో ఉత్తర ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను (సమరయ) పడిపోయాక అష్షూరు రాజు బబులోను, కూతా, హమాతు మొదలైన చోట్ల నుండి తెచ్చి అక్కడ కాపురముంచిన జనుల సంగతి అది. వారు యెహోవాకు భయపడుతూనే తమ తమ దేవతలను కూడా పూజించారని చెబుతుంది. అప్పటి నుండి యేసు కాలానికి ఏడు వందల యేళ్లు గడిచాయి. ఆ నాటికి సమరయులు దేవుడు ఒక్కడేనని గట్టిగా నమ్మేవారు. సున్నతిని, విశ్రాంతి దినాన్ని, పస్కాను నిష్ఠగా ఆచరించేవారు. పైగా ఉత్తర దేశంలో ఇశ్రాయేలీయులు పూర్తిగా లేకుండా పోలేదు. యెరూషలేము మందిరం కాలిపోయిన తరువాత సైతం షెకెము, షిలోహు, షోమ్రోను నుండి ఎనభై మంది మనుష్యులు గడ్డాలు క్షౌరము చేయించుకొని, వస్త్రాలు చింపుకొని, నైవేద్యాలూ ధూపద్రవ్యాలూ పట్టుకొని యెహోవా మందిరానికని బయలుదేరి వచ్చారని యిర్మీయా 41వ అధ్యాయంలో ఉంది. ఈ సంగతిని మన ప్రసంగాలలో అరుదుగా వింటాము.

కాబట్టి వారికి తెలియనిది దేవుడెవరన్నది కాదు, మోషే తరువాత ఆయన ఏమి చెప్పాడన్నది. సమరయుల లేఖనం మోషే ఐదు కాండములతో ముగుస్తుంది. దేవుడు ఏర్పరచుకొనే స్థలంలోనే బలులు అర్పించాలని ద్వితీయోపదేశకాండము 12వ అధ్యాయం పదే పదే చెబుతుంది గాని, ఆ స్థలం పేరు చెప్పదు. అది యెరూషలేమేనని యూదులు దావీదు, సొలొమోనుల చరిత్ర నుండి, కీర్తనల నుండి, ప్రవక్తల నుండి గ్రహించారు. ఆ గ్రంథాలను అంగీకరించని సమరయులు జవాబును ఐదు కాండములలోనే వెదికారు. అబ్రాహాము కనానులో మొదటి బలిపీఠం కట్టింది షెకెములో. దీవెనలు పలకమని మోషే నియమించిన కొండ గెరిజీము, షెకెము పక్కనే ఉన్న సమరయుల ఆరాధనా పర్వతం. మోషే దగ్గరే ఆగిన చదువరికి గెరిజీమే సహజంగా తోస్తుంది, ఇందులో మూఢత్వమేమీ లేదు.

వారు పోగొట్టుకున్నది మాత్రం చిన్నది కాదు. దావీదుతో దేవుడు చేసిన నిబంధన వారికి అందలేదు. ఆకాశ మహాకాశాలే పట్టజాలని దేవునికి ఈ మందిరం ఎలా సరిపోతుందన్న సొలొమోను ప్రార్థన, ఆకాశం నా సింహాసనం అన్న యెషయా మాట, ఏవీ వారి చేతిలో లేవు. వారి ఎదురుచూపు కూడా మోషేవంటి ప్రవక్తను గూర్చిన ద్వితీయోపదేశకాండము 18వ అధ్యాయపు వాగ్దానం మీదే నిలిచింది. అందుకే ఆ స్త్రీ మెస్సీయ వచ్చి సమస్తమును తెలియజేస్తాడని అంటుందే తప్ప దావీదు సింహాసనం ఊసెత్తదు.

సమాధానం: చరిత్ర పాఠకుడు

బోధకుడు గారి వివరణ బాగున్నది. అయితే సమరయుల వాదాన్ని వారి నోటితోనే వినాలి. వారి దృష్టిలో తాము మధ్యలో ఆగిపోయినవారు కారు. దారి తప్పినవారు యూదులు. యాజకుడైన ఏలీ గెరిజీమును విడిచి షిలోహులో వేరే ఆరాధన నెలకొల్పినప్పటి నుండి దేవుని అనుగ్రహం మరుగైందని వారి సంప్రదాయం. యూదుల ప్రతిలో ద్వితీయోపదేశకాండము 27:4 బలిపీఠాన్ని ఏబాలు కొండ మీద కట్టమంటే, సమరయుల ప్రతి గెరిజీము మీద కట్టమంటుంది. వారి పది ఆజ్ఞలలో గెరిజీము బలిపీఠం గురించిన ఆజ్ఞ కూడా ఉంది. మృతసముద్రం దగ్గర దొరికిన గ్రంథపు చుట్టలలో, సమరయ పాఠానికి చాలా దగ్గరగా ఉన్న నిర్గమకాండపు ప్రతి ఒకటి ఉంది గాని, ఈ ఆజ్ఞకు అందులో చోటు లేదు. కనుక ఆ ఆజ్ఞ తరువాత చేరినదని పండితులు సాధారణంగా భావిస్తారు.

గెరిజీము మీది మందిరం అలెగ్జాండరు కాలంలో వెలసిందని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. కొండ మీద జరిపిన తవ్వకాలు మాత్రం అక్కడి ఆరాధనా స్థలం క్రీ.పూ. 5వ శతాబ్దానిదని చూపాయి. యూదుల పాలకుడు, ప్రధాన యాజకుడు అయిన యోహాను హిర్కానస్ క్రీ.పూ. 2వ శతాబ్దం చివరలో దాన్ని నాశనం చేశాడు. బావి దగ్గర సంభాషణ జరిగేనాటికి ఆ మందిరం కూలి నూరేళ్లు దాటింది. “మా పితరులు ఈ పర్వతమందు ఆరాధించిరి” అన్న ఆ స్త్రీ మాటలో ఆ గాయం కూడా ఉందని నేననుకుంటాను. ఆ కొండ మీద పస్కా బలి నేటికీ జరుగుతున్నది. అర్పించే జనం మాత్రం వెయ్యికి లోపే.

యూదులు సైతం ఒకే చోటికి కట్టుబడి లేరు. ఐగుప్తులోని లెయొంటోపోలిసులో ఒనియా అనే యాజకుడు కట్టిన యూదుల దేవాలయంలో రెండు వందల యేళ్లకు పైగా బలులు జరిగాయి. ఈ సంగతులన్నీ చూస్తే, తరువాత వచ్చిన మాటను దేవుని మాటగా అంగీకరించినవారికే అది ప్రత్యక్షత, అంగీకరించనివారికి అది కల్పన. ఈ తగవును చరిత్ర ఒక్కటే తీర్చలేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. నా రెండవ ప్రశ్న ఇంకా మిగిలి ఉంది. తక్కువ వెలుగులో చేసిన ఆరాధన సంగతి ఏమిటి?

సమాధానం: పాత నిబంధన బోధకుడు

ఈ తగవును చరిత్ర తీర్చలేదన్నది నిజమే. నేను విశ్వాసపు నెలవు నుండే మాట్లాడుతున్నాను. సమరయులు ఒప్పుకునే తోరాలోనే, అంటే మోషే ఐదు కాండములలోనే, క్రమ ప్రత్యక్షత ఉంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు సర్వశక్తిగల దేవుడను పేరున ప్రత్యక్షమయ్యానుగాని, యెహోవా అను నా నామమున వారికి తెలియబడలేదని నిర్గమకాండము 6:3లో దేవుడే మోషేతో అంటాడు. అయినా అబ్రాహాము బలిపీఠాలను ఆయన త్రోసిపుచ్చలేదు. తనకు ఇంకా అందని మాటను బట్టి ఎవరూ తీర్పు పొందరు. అందిన మాటను కాదన్నప్పుడే దోషం. పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి దేవుణ్ణి మహిమపరచిన ఒక్కడు సమరయుడు (లూకా 17). ఆ కృతజ్ఞతను స్వీకరించే ముందు, నీవు ఏ కొండ మీద మ్రొక్కుతావని ప్రభువు అతణ్ణి అడగలేదు.

అయితే, ముందున్నదంతా తప్పనీ తరువాతిదే ఒప్పనీ క్రమ ప్రత్యక్షతకు అర్థం కాదు. “ఈ పర్వతము మీదనైనను యెరూషలేములోనైనను” కాదు అన్నప్పుడు యేసు రెండింటినీ ఒకే గాటన కట్టలేదు. రక్షణ యూదులలోనుండియే అన్న తరువాతనే ఆత్మతోను సత్యముతోను ఆరాధించే కాలాన్ని గురించి చెప్పారు. అది కూడా పూర్తిగా కొత్త మాట కాదు. అన్యజనులలో ప్రతి స్థలమందు నా నామమునకు ధూపం అర్పించబడుతుందని మలాకీ 1:11 ముందే పలికింది. క్రీ.శ. 70లో రోమీయులు యెరూషలేము మందిరాన్ని కూల్చాక యూదులు సైతం బలులు లేకుండా ప్రార్థనతో, ధర్మశాస్త్ర పఠనంతో దేవుణ్ణి సేవించవలసి వచ్చింది. వారి మార్గం వేరు, మన మార్గం వేరు. కాని ఒక స్థలం లేకపోతే ఆరాధనే లేదన్న మాట నాటితో ఎవరికీ సాధ్యం కాకపోయింది.

మీ పెద్దలతో మాట్లాడేటప్పుడు లూకా 9ని, అపొస్తలుల కార్యములు 8ని పక్కపక్కన చదవండి. యేసు యెరూషలేముకు వెళ్తున్నాడన్న కారణాన ఒక సమరయ గ్రామం ఆయనను చేర్చుకోలేదు. ఆకాశం నుండి అగ్ని దిగి వారిని నాశనం చేయమందుమా అని అడిగిన ఇద్దరు శిష్యులలో యోహాను ఒకడు. తరువాత సమరయవారు దేవుని వాక్యం అంగీకరించారని విని యెరూషలేములోని అపొస్తలులు పంపినవారిలోనూ అదే యోహాను ఉన్నాడు. అతడూ పేతురూ చేతులుంచి ప్రార్థించగా ఆ సమరయులు ఉన్న ఊరిలోనే పరిశుద్ధాత్మను పొందారు. బలి అర్పించడానికి ఇటు గెరిజీముకు గాని అటు యెరూషలేముకు గాని వారిని ఎవరూ పంపలేదు.