భూసేకరణ నోటీసు వచ్చింది, సమ్మతి పత్రం మీద సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న:
మా నాన్నకు 71 ఏళ్లు. ఆయన పేరు మీద 2 ఎకరాల 30 సెంట్లు ఉంది. అందులో బావి ఉన్న వైపు ఎకరం పది సెంట్లు బైపాస్ రోడ్డుకు తీసుకుంటామని నోటీసు వచ్చింది. సర్వేకు వచ్చినవాళ్లలో ఒకాయన సమ్మతి పత్రం చేతిలో పెట్టి, "సంతకం చేయకపోతే ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి" అన్నారు. అందులో రేటు రాయాల్సిన చోటు ఖాళీగా ఉంది. నాన్న టెన్షన్‌తో నిద్రపోవడం లేదు. ఇవ్వం అనే హక్కు మాకుందా? కనీసం బావినైనా కాపాడుకోగలమా?

జవాబు 1:
సంతకం పెట్టనివ్వకండి. మా అమ్మ విషయంలో మేం చేసిన తప్పు మీరు చేయొద్దని రాస్తున్నాను. కాలవ కోసం మా 64 సెంట్లు పోయాయి. ఎంజాయ్‌మెంట్ సర్వే (భూమి ఎవరి అనుభవంలో ఉందో, అందులో ఏమేం ఉన్నాయో రాసుకునే సర్వే) రోజు అమ్మ ఒక్కతే ఉంది. చదివి వినిపించకుండానే వేలిముద్ర తీసుకున్నారు. 22 కొబ్బరి చెట్లుంటే 9 రాశారు, బోరు అసలు రాయలేదు. చెక్కు తీసుకునేటప్పుడు "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. అది రాయకుండా తీసుకున్నవారు 2013 భూసేకరణ చట్టం 64వ సెక్షన్ కింద పరిహారం పెంచమని అడగలేరు, అదే చట్టం 77వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. మాకు అది తెలిసేసరికి అంతా అయిపోయింది. ఆ రోజు నేను ఊళ్లో లేనన్న బాధ ఇప్పటికీ పోలేదు. మీరు ఈ రోజే బావి, మోటారు, ప్రతి చెట్టూ ఫోటో తీసి పెట్టుకోండి.

జవాబు 2:
అమ్మా, నేను ఈ కేసులే చూసే లాయర్ని. ముందు నోటీసులో ఏ చట్టం పేరుందో చూడండి. జాతీయ రహదారుల చట్టమైతే అభ్యంతరాలకు 21 రోజులే గడువు. 2013 భూసేకరణ చట్టమైతే ప్రాథమిక నోటిఫికేషన్ (ఫలానా భూమి తీసుకోబోతున్నామనే మొదటి ప్రకటన) ప్రచురించిన తేదీ నుంచి 60 రోజులు. నోటీసు చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి చాలామంది మోసపోతారు. అభ్యంతరం కాగితం మీదే ఇవ్వాలి, నోటిమాట లెక్కలోకి రాదు. ఇంత భూమి ఎందుకు, రోడ్డు పక్కకు జరిపితే ఏమవుతుంది, నిజంగా ప్రజాప్రయోజనమేనా అని అడగండి. మీ మాట వినాల్సిన బాధ్యత కలెక్టర్‌ది. నాన్నగారు స్వయంగా రావచ్చు, లాయర్‌నైనా పంపవచ్చు.

పూర్తిగా ఆపించడం కష్టం, ఆశ పెట్టను. 1978లో రాజ్యాంగం 44వ సవరణతో ఆస్తి ప్రాథమిక హక్కు కాకుండా పోయింది. కానీ 300ఏ అధికరణం ఉంది. చట్టం అనుమతిస్తే తప్ప ఎవరి ఆస్తీ తీసుకోకూడదు. కోల్‌కతా మునిసిపల్ కార్పొరేషన్ కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు ఈ అధికరణంలో ఏడు హక్కులున్నాయని చెప్పింది. నోటీసు ఇవ్వడం, మాట వినడం, కారణాలతో నిర్ణయం చెప్పడం అందులోవే. వీటిని దాటేస్తే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయవచ్చు. పరిహారం దగ్గర మార్కెట్ విలువకు తోడు నూరు శాతం సొలేషియం (ఇష్టం లేకున్నా భూమి తీసుకుంటున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) రావాలి. ఖాళీ గడి ఉన్న కాగితం మీద మాత్రం ఎవరూ సంతకం పెట్టకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. చూశాం, 2013 చట్టమే. ప్రచురణ జరిగి అప్పటికే 43 రోజులైంది! మేమింకా నెలన్నర టైముందనుకుంటున్నాం. రోడ్డును ముప్పై అడుగులు బంజరు వైపు జరపమని కొలతలతో రాసి, నిన్న ఆర్డీవో ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. బావి తవ్వించినప్పటి రసీదులు నాన్న ట్రంకు పెట్టెలో దొరికాయి, అవీ జత చేశాం. విచారణకు తనే వచ్చి మాట్లాడతానంటున్నారు.