తమ్ముడికి స్కిజోఫ్రెనియా, సదరం (వైకల్యం) సర్టిఫికెట్ ఇస్తారా?

సీమపిల్ల:
అందరికీ నమస్తే. మాది కర్నూలు దగ్గర పల్లె. మా తమ్ముడికి తొమ్మిదేళ్ల నుంచి స్కిజోఫ్రెనియా, డిగ్రీ మధ్యలోనే ఆపేశాడు, ప్రైవేట్‌లో చూపిస్తున్నాం. మందులు వేసుకుంటే గొడవేం ఉండదు గానీ ఏ పనిలోనూ నిలబడడు, స్నానం కూడా అమ్మ వెంటపడితేనే. పెన్షన్ గురించి సచివాలయంలో అడిగితే కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా అన్నారు. మెంటల్ ఇల్‌నెస్‌కి నిజంగానే ఇవ్వరా? ఇంకోటి, వీడు డాక్టర్ ముందు కూర్చుంటే నాకేం లేదు సార్ అంటాడు, అదొక భయం.

గోదారోడు:
ఎందుకివ్వరండీ, 2016 దివ్యాంగుల చట్టంలో ఉన్న 21 రకాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. సర్టిఫికెట్‌లో 40 శాతం వైకల్యం వస్తే చాలు, ఏపీలో నెలకి 6 వేలు పెన్షన్. మా అన్నయ్యది బైపోలార్ అనే మానసిక జబ్బు, సదరం పరీక్షకి నేనే తీసుకెళ్లా. స్కాన్లూ గీన్లూ ఏం ఉండవు, ఐడియాస్ అని ఒక స్కేలు ఉంటది, తన పనులు తను చేసుకుంటాడా, మనుషులతో ఎలా ఉంటాడు, మాట అర్థం చేసుకుని చెప్పగలడా, పని చేస్తాడా, ఈ నాలుగింటికీ ఒక్కోదానికి 0 నుంచి 4 వేస్తారు. జబ్బు ఎన్నేళ్లదో దానికి ఇంకో 4 దాకా. 20కి 7 వస్తే 40 శాతం దాటినట్టే. అందుకే మీ తమ్ముడు ఏం చెప్పినా పక్కన మీరో అమ్మో కూర్చుని స్నానం సంగతి, పని మానేసిన సంగతి అన్నీ చెప్పాలి. మనవాళ్లు పరువని "ఇప్పుడు పర్లేదండి" అంటారు చూడండి, అక్కడే మార్కులు పోతాయి. పాత చీటీలు, డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే మొదటి ఏడాదివి కూడా పట్టుకెళ్లండి. స్లాట్ బుక్ చేసేటప్పుడు మెంటల్ ఇల్‌నెస్ అనే పెట్టించండి, బుద్ధిమాంద్యం వేరే కేటగిరీ, ఆపరేటర్లు రెండూ ఒకటే అనుకుంటారు.

ఓరుగల్లు:
మా తెలంగాణలో ఇదే పెన్షన్ 4016 అక్కా. ఒక్కటి చెప్తా, క్యాంపుకి రెండు మూడు రోజుల ముందు గోలీలు ఆపితే అసలు పరిస్థితి డాక్టర్‌కి కనపడ్తది, మాకు తెలిసినోళ్లు గట్లనే చేసిన్రు.

సీమపిల్ల:
థ్యాంక్స్ అన్నా. మందులు ఆపడం మాత్రం మావల్ల కాదు, పోయినసారి ఆపినప్పుడు ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. సర్టిఫికెట్ ఉంటే రేపు పెళ్లికి అడ్డమని అమ్మ అంటోంది, అది కూడా ఉంది.

గోదారోడు:
దయచేసి ఎవరూ మందులు ఆపకండి, మళ్లీ జబ్బు తిరగబెడితే 6 వేలు ఏ మూలకి. మందుల మీద ఉండి కూడా ఏం చెయ్యలేకపోతున్నాడనేగా మనం చెప్పేది. పెళ్లి సంగతంటారా, సర్టిఫికెట్ మీరు చూపిస్తేనే కదండీ బయటివాళ్లకి తెలిసేది, అయినా సంబంధం చూసేటప్పుడు జబ్బు దాచకూడదు, అది వేరే విషయం. నాన్నగారు ట్యాక్స్ కడుతుంటే పాత ట్యాక్స్ పద్ధతిలో ఈ సర్టిఫికెట్ మీద ఆదాయంలో 75 వేలు మినహాయింపు కూడా ఉంది. ఇంకోటి, ఈ జబ్బుకి చాలాసార్లు టెంపరరీ సర్టిఫికెటే ఇస్తారు, మీద గడువు తేదీ చూసుకుని ముందే మళ్లీ స్లాట్ పెట్టించండి, లేకపోతే పెన్షన్ ఆగిపోద్ది.