అప్‌డేట్: ఘాట్‌లో డీజిల్ కారు లాగని సమస్య తీరింది

తిరుమల ఘాట్ ఎక్కేటప్పుడు నా టర్బో డీజిల్ కారు 2000 ఆర్‌పీఎం దాటితే లాగట్లేదు, నల్ల పొగ కక్కుతోందని అడిగాను కదా. దొరికింది. టర్బో ఒత్తిడితో తోసే వేడి గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ నుంచి ఇంజన్‌కి వెళ్లే రబ్బరు హోస్ చీలింది. అదీ క్లాంపు పక్కనే, అడుగువైపు. మామూలుగా చూస్తే కనపడదు. చేత్తో వంచితే నోరు తెరుస్తుంది, చుట్టూ ఆయిల్ జిడ్డు. లోడ్ మీద బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి) పెరిగినప్పుడే గాలి లీకయ్యేది, అందుకే తిరుపతి ఊళ్లో తేడా తెలీలేదు.

యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం వస్తుందేమో వినమన్న అన్నకి పెద్ద థాంక్స్, మిగతావాళ్లకి కూడా. ఆ మాట చెప్పగానే మెకానిక్ స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు చూడటం) పెట్టి పట్టేశాడు. అంతకుముందు పెట్టిన డీజిల్ ఫిల్టర్, ఈజీఆర్ (కొంత పొగని తిరిగి ఇంజన్‌లోకి పంపే వాల్వు) క్లీనింగ్ ఖర్చు దండగే. ఇంకో షెడ్డులో టర్బోనే మార్చాలన్నారు, అది శుభ్రంగా ఉంది! ఇప్పుడు ఫుల్ లోడ్‌తో ఏసీ వేసినా ఎక్కేస్తోంది.